గెలాక్సీలు నక్షత్రాలను పుట్టించడం ఎందుకు మానేస్తాయి? కొన్ని అపోహలు, వాస్తవాలు

దూరపు గెలాక్సీల స్పెక్ట్రమ్‌లతో, అంటే వాటి కాంతిని రంగులుగా విడదీసిన పట్టీలతో, కుస్తీ పట్టడమే నా పని. ఏ గెలాక్సీ ఎప్పుడు నక్షత్రాలను పుట్టించింది, ఎప్పుడు మానేసింది, ఎందుకు మానేసింది అన్నవే మేం రోజూ వేసుకునే ప్రశ్నలు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ వచ్చాక ఈ విషయం మీద వీడియోలు, వార్తలు ఇబ్బడిముబ్బడిగా వస్తున్నాయి. సంతోషమే. కానీ వాటితోపాటు కొన్ని పాత అపోహలు ఇంకా గట్టిపడ్డాయి, కొన్ని కొత్తవి పుట్టుకొచ్చాయి.

ముందు కాస్త లెక్క. మన పాలపుంత ఏడాదికి సుమారు ఒకటి రెండు సూర్యుళ్ల బరువైన వాయువును నక్షత్రాలుగా మారుస్తోంది. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు. అందులో నక్షత్రాల పుట్టుక బాగా జోరుగా సాగింది దాదాపు 1,000 కోట్ల ఏళ్ల కిందట. ఆనాటితో పోలిస్తే ఇప్పుడా జోరు పదో వంతుకు పడిపోయింది. ఎక్కడ పడిపోయింది, ఎలా పడిపోయింది అన్నదే మా గొడవంతా.

అపోహ: ఎర్రగా ఉంటే ఆగిపోయిన గెలాక్సీ, నీలంగా ఉంటే నడుస్తున్న గెలాక్సీ.

సగం నిజం. భారీ నక్షత్రాలు నీలంగా వెలుగుతాయి, కొన్ని పదుల లక్షల ఏళ్లలోనో, మహా అయితే కొన్ని కోట్ల ఏళ్లలోనో అయిపోతాయి. సూర్యుడి లాంటిది 1,000 కోట్ల ఏళ్లు బతుకుతుంది, దానికన్నా చిన్నవైన ఎర్ర నక్షత్రాలు ఇంకా ఎక్కువ. కొత్తవి పుట్టడం ఆగిపోతే ముందు నీలం పోతుంది, ఎరుపు మిగులుతుంది. ఇంతవరకు సరే.

చిక్కేమిటంటే ధూళి కూడా గెలాక్సీని ఎర్రగా చూపిస్తుంది. ఏడాదికి వందల సూర్యుళ్లను పుట్టించే గెలాక్సీలు కొన్ని ఎంత ధూళిలో కూరుకుపోయి ఉంటాయంటే, నీలం కాంతి బయటకే రాదు. ధూళి దాన్ని మింగి, వేడెక్కి, దూర పరారుణంలో వెదజల్లుతుంది. మామూలు ఫొటోలో చూస్తే ముసలి గెలాక్సీ. చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపులతో చూస్తే ధగధగా మెరిసిపోతుంది. అందుకే ఒక్క రంగును నమ్మం. అతినీలలోహితం నుంచి దృశ్యకాంతికి వచ్చేసరికి ఎంత ఎరుపెక్కింది, అక్కడి నుంచి పరారుణానికి వెళ్లేసరికి ఎంత ఎరుపెక్కింది అని రెండు చోట్ల చూస్తాం. ధూళి అయితే రెండు చోట్లా ఎరుపే. ముసలి నక్షత్రాలైతే మొదటి చోట బాగా ఎరుపు, రెండో చోట అంతగా ఉండదు.

అసలు తీర్పు మాత్రం స్పెక్ట్రమ్‌దే. ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. జీఎస్-9209 అనే గెలాక్సీ రెడ్‌షిఫ్ట్ (విశ్వం విస్తరించడం వల్ల దాని కాంతి తరంగాలు ఎంత సాగాయో చెప్పే అంకె) 4.658. నక్షత్రాలు పుడుతున్నాయా అని చూసేందుకు మేం మొదట వెతికేది వేడి హైడ్రోజన్ వెలువరించే ‘హైడ్రోజన్ ఆల్ఫా’ గీత. మామూలుగా అది 656.3 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. రెడ్‌షిఫ్ట్‌కు ఒకటి కలిపి గుణిస్తే సుమారు 3,713 నానోమీటర్లు. అంటే 3.7 మైక్రాన్లు. ఆ ప్రాంతంలో నేల మీది టెలిస్కోపులను వాతావరణపు వేడి ముంచేస్తుంది. వెబ్‌కు ఆ బాధ లేదు. వెబ్ తీసిన స్పెక్ట్రమ్‌లో ఆ గీత ఉంది కూడా. ‘అయితే నక్షత్రాలు పుడుతున్నట్టే కదా’ అనేయకండి. ఆ గీత చాలా వెడల్పుగా ఉంది. సెకనుకు వేల కిలోమీటర్ల వేగంతో తిరిగే వాయువు మాత్రమే గీతను అంతలా చెదరగొడుతుంది. అది బ్లాక్ హోల్ చుట్టూ తిరిగే వాయువు, నక్షత్రాలు పుట్టే మబ్బు కాదు. మరోవైపు హైడ్రోజన్ శోషణ గీతలు (నక్షత్రాల పై పొరల్లోని హైడ్రోజన్ కాంతిని మింగిన చోట్లు) లోతుగా ఉన్నాయి. నీలం రాక్షసులు పోయి, కొన్ని పదుల కోట్ల ఏళ్లు బతికే మధ్యతరహా నక్షత్రాలు రాజ్యమేలుతున్నాయని అవి చెబుతాయి. రెండూ కలిపి చదివితేనే సంగతి తేలింది: ఈ గెలాక్సీ ఆగిపోయింది, ఆగి ఎంతోకాలం కాలేదు.

అపోహ: గ్యాస్ అయిపోతుంది, నక్షత్రాల పుట్టుక ఆగిపోతుంది. అంతే.

ఎక్కువమంది నమ్మేది ఇదే. చూడ్డానికి ఎంత సబబుగా ఉంటుందో అంత పక్కదారి పట్టిస్తుంది. మన దగ్గరి స్పైరల్ గెలాక్సీల్లో ఉన్న చల్లటి వాయువును ఇప్పటి వేగంతో వాడుకుంటూ పోతే సుమారు 200 కోట్ల ఏళ్లలో ఖాళీ అవుతుంది. కానీ ఆ గెలాక్సీలు 1,000 కోట్ల ఏళ్లుగా నక్షత్రాలను పుట్టిస్తూనే ఉన్నాయి. అంటే బయటి నుంచి సరఫరా వస్తూనే ఉందన్నమాట. ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయని కాదు, పైనుంచి పైపులో నీళ్లు వస్తున్నాయా లేదా అన్నది చూడాలి.

దీనికి చక్కటి కొలత 2020లో పుణె దగ్గరి జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోప్‌తో వచ్చింది. దాదాపు 800 కోట్ల ఏళ్ల కిందటి గెలాక్సీల హైడ్రోజన్ సంకేతం ఒక్కొక్కదాన్నే పట్టుకోలేనంత బలహీనం. అందుకని 7,653 గెలాక్సీల సంకేతాలను ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీశారు. బయటి నుంచి రాకపోతే ఆ హైడ్రోజన్ 100 నుంచి 200 కోట్ల ఏళ్లకు మించి సరిపోదని తేలింది. విశ్వంలో నక్షత్రాల పుట్టుక మందగించడానికి సరఫరా చాలకపోవడమే కారణం కావచ్చనే వాదనకు అది గట్టి ఊతం. ఇలా వేల సంకేతాలను పేర్చి చేసే పనికి ఉండే ఓపిక బయటివాళ్లకు కనబడదు గానీ, నా దృష్టిలో అందమైన ఫొటోలకన్నా ఇలాంటి కొలతలే మా రంగాన్ని ముందుకు నడిపాయి.

సరఫరా ఆగినట్టు ఎలా తెలుస్తుంది? లోహాలను బట్టి. (హీలియం దాటిన ప్రతిదాన్నీ మేం లోహమే అంటాం. రసాయన శాస్త్రవేత్తలు క్షమించాలి.) గెలాక్సీలోని గ్యాస్‌నంతా ఒక్కసారిగా ఊడ్చేస్తే నక్షత్రాల్లో లోహాలు ఉన్నచోటే ఆగిపోతాయి. అలా కాకుండా కొత్త గ్యాస్ రావడం మాత్రమే ఆగితే, ఉన్నదానితోనే కొంతకాలం నక్షత్రాలు పుడతాయి. పలచన చేసే తాజా హైడ్రోజన్ లేదు కాబట్టి లోహాల పాలు పెరుగుతూ పోతుంది. 2015లో 26,000 గెలాక్సీలను పోల్చి చూస్తే, ఆగిపోయిన వాటిలో లోహాలు ఎక్కువగా కనబడ్డాయి. మధ్యతరహా గెలాక్సీల్లో చాలావరకు అలా ఊపిరాడక, సుమారు 400 కోట్ల ఏళ్లు తీసుకుని నిదానంగా ఆగిపోయాయని ఆ లెక్క.

ఇంకో వైపు చూడండి. ఆగిపోయిన పెద్ద గెలాక్సీల చుట్టూ గ్యాస్ దండిగా ఉంటుంది. కాకపోతే అది లక్షల, కోట్ల డిగ్రీల వేడిలో ఎక్స్‌రేలు చిమ్ముతూ ఉంటుంది. నక్షత్రం పుట్టాలంటే గ్యాస్ సున్నాకు 250 డిగ్రీల సెల్సియస్ కిందికి చల్లారాలి. డార్క్ మ్యాటర్‌తో కలిపి లక్ష కోట్ల సూర్యుళ్ల బరువు దాటిన గెలాక్సీల్లోకి పడే గ్యాస్ ఆ పడటంలోనే తాకిడికి వేడెక్కి, పైనే ఉండిపోతుంది. అందుకే పెద్ద గెలాక్సీలే ఎక్కువగా ఆగిపోతాయి. ఈమధ్యే ఆగిన కొన్ని గెలాక్సీల్లోనైతే అణువులుగా జతకట్టిన చల్లటి హైడ్రోజన్ వాయువు కూడా బోలెడు మిగిలి ఉంది, అయినా నక్షత్రాలు పుట్టడం లేదు. లోపలి అలజడి దాన్ని కుదురుగా ముద్దకట్టనివ్వడం లేదని నాకనిపిస్తుంది. ఈ విషయం మీద మాలో మాకే ఇంకా వాదనలు నడుస్తున్నాయి.

అపోహ: మధ్యలోని బ్లాక్ హోల్ గ్యాస్ అంతా మింగేస్తుంది.

పాలపుంత మధ్యలోని బ్లాక్ హోల్ బరువు సుమారు 43 లక్షల సూర్యుళ్లు. గెలాక్సీ నక్షత్రాల బరువు సుమారు 5,000 కోట్ల సూర్యుళ్లు. అందులో పదివేలవ వంతు కూడా లేనిది గెలాక్సీని మింగడమేమిటి?

అసలు విషయం అది మింగేది కాదు, మింగేటప్పుడు కక్కేది. బ్లాక్ హోల్‌లోకి పడే పదార్థం తన ద్రవ్యరాశిలో దాదాపు పది శాతాన్ని శక్తిగా వదలగలదు. హైడ్రోజన్ కలిసి హీలియం అయితే వచ్చేది 0.7 శాతమే. పర్సియస్ క్లస్టర్ (క్లస్టర్ అంటే వందల, వేల గెలాక్సీల గుంపు) మధ్యలోని ఎన్‌జీసీ 1275 గెలాక్సీ చుట్టూ వేడి గ్యాస్‌లో పెద్ద పెద్ద బుడగలను చంద్ర ఎక్స్‌రే టెలిస్కోప్ చూసింది. బ్లాక్ హోల్ దగ్గర నుంచి మహావేగంతో చిమ్మే ధారలే, అంటే జెట్‌లే, వాటిని ఊదాయి. ఆ గ్యాస్ తన మానాన తాను చల్లారితే ఏడాదికి వందల సూర్యుళ్లు పుట్టాలి, అన్ని పుట్టడం లేదు. జెట్‌లు గ్యాస్‌ను మళ్లీ మళ్లీ వేడి చేస్తున్నాయి కాబట్టి. అలాగని ప్రతి గెలాక్సీ ఆగడానికీ బ్లాక్ హోల్ కారణమని చెప్పేవాళ్లనూ నమ్మకండి. చిన్న గెలాక్సీల కథ వేరు.

అపోహ: రెండు గెలాక్సీలు ఢీకొంటే ఆగిపోతాయి.

ఢీకొన్నప్పుడు నక్షత్రాలు ఒకదానికొకటి తగలవు, వాటి మధ్య దూరాలు అంత ఎక్కువ. గ్యాస్ మాత్రం కేంద్రం వైపు కుప్పపడి, ముందు నక్షత్రాల పుట్టుక ఉప్పెనలా పెరుగుతుంది. ఆ తర్వాత కొన్ని ఆగిపోతాయి, గ్యాస్ ఎక్కువ ఉన్నవి మళ్లీ చక్కగా డిస్క్ కట్టుకుంటాయి. పైగా ఢీకొన్న ఆనవాలే లేకుండా, డిస్క్ రూపంలోనే గిరగిరా తిరుగుతూ ఆగిపోయినవి ఉన్నాయి. మాక్స్ 2129-1 అనే గెలాక్సీ విశ్వం వయసు 300 కోట్ల ఏళ్లప్పుడే అలా తేలిందని 2017లో బయటపడింది. అన్నట్టు, ఆండ్రోమెడా పాలపుంతను ఢీకొనడం ఖాయమని చాలామంది అనుకుంటారు. 2025 నాటి లెక్కల ప్రకారం వచ్చే 1,000 కోట్ల ఏళ్లలో ఆ అవకాశం సగానికి సగమే.

అపోహ: గెలాక్సీ ఆగడం దాని సొంత వ్యవహారం.

చుట్టుపక్కల వాళ్ల ప్రభావం దాని మీదా ఉంటుంది. క్లస్టర్‌లోకి సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకొచ్చే గెలాక్సీకి అక్కడి వేడి గ్యాస్ ఎదురుగాలిలా తగిలి, లోపలి గ్యాస్‌ను వెనక్కి చీల్చుకుపోతుంది. ఇలా జరగాలని గన్, గాట్ అనే శాస్త్రవేత్తలు 1972లోనే లెక్కగట్టారు. ఈఎస్ఓ 137-001 అనే గెలాక్సీ వెనక వేలాడే తోకలు చూస్తే వీటిని జెల్లీఫిష్ గెలాక్సీలని ఎందుకంటారో అర్థమవుతుంది. తమాషా ఏమిటంటే ఆ తోకల్లోనే కొత్త నక్షత్రాలు పుడతాయి. జేఓ 201 అనే జెల్లీఫిష్‌ను మన దేశపు ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోప్ చూసినప్పుడు దాని నడిమధ్య కాంతి తక్కువైన ఖాళీ కనబడింది. అక్కడి బ్లాక్ హోల్ ప్రభావమే కారణమని ఆ పరిశోధకులు తేల్చారు. బయటి నుంచి గాలి, లోపలి నుంచి బ్లాక్ హోల్. పాపం, రెండు దెబ్బలూ ఒకేసారి.

అపోహ: స్పైరల్ (సుడి ఆకారపు) గెలాక్సీ ముసలిదై ఎలిప్టికల్ (కోడిగుడ్డు ఆకారపు) గెలాక్సీ అవుతుంది.

ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ 1926లో ప్రకటించిన వర్గీకరణ ఆకారాల పట్టిక మాత్రమే. అందులో కాలక్రమం లేదు.

అపోహ: వెబ్ చూసిన తొలినాటి ముసలి గెలాక్సీలు బిగ్ బ్యాంగ్ తప్పని నిరూపించాయి.

లేదు. పైన చెప్పిన జీఎస్-9209నే తీసుకోండి. మనం చూస్తున్నది బిగ్ బ్యాంగ్ తర్వాత 125 కోట్ల ఏళ్లప్పటి రూపం. దాదాపు 4,000 కోట్ల సూర్యుళ్ల బరువైన నక్షత్రాలు సుమారు 20 కోట్ల ఏళ్లలోనే పుట్టాయి, అంటే సగటున ఏడాదికి 200 సూర్యుళ్లు. ఇదంతా పాలపుంతతో పోలిస్తే చిటికెడంత చోటులో జరిగింది: సగం కాంతి 700 కాంతి సంవత్సరాల వ్యాసార్థంలోనే ఉంది. ఆ తర్వాత ఆగిపోయింది. విపరీతమే, కానీ అసాధ్యం కాదు. 2025లో మరొక భారీ గెలాక్సీ బిగ్ బ్యాంగ్ తర్వాత 70 కోట్ల ఏళ్లకే ఆగిపోయి కనిపించింది.

ఇలాంటివి మా కంప్యూటర్ సిమ్యులేషన్లు ఊహించినదానికన్నా చాలా ఎక్కువగా కనబడుతున్నాయి. అది నిజం, మాకు టెన్షన్ పెట్టేదీ అదే. కానీ ఆ సిమ్యులేషన్లలో బ్లాక్ హోల్ ఎంత శక్తి ఎప్పుడు వదలాలన్నది మేం ఇప్పటి విశ్వాన్ని చూసి సరిచేసి పెట్టిన అంకెలే. తొలినాళ్లలో గ్యాస్ చిక్కగా, అంతా వేగంగా జరిగే చోట అవే అంకెలు సరిపోవాలని లేదు. నన్నడిగితే లోపం అక్కడుంది. విశ్వ విస్తరణ లెక్కల్లో కాదు.

అపోహ: ఒకసారి ఆగితే ఇక శాశ్వతంగా ఆగినట్టే.

‘చచ్చిన గెలాక్సీ’ అని మేమే అలవాటుగా అంటుంటాం, తప్పు మాదే. కొత్త గ్యాస్ దొరికితే కొన్ని మళ్లీ మొదలుపెడతాయి. ఫీనిక్స్ క్లస్టర్ మధ్యలోని గెలాక్సీ ఆగి ఉండాల్సిన రకం. అక్కడ గ్యాస్ నిజంగానే చల్లారిపోయి ఏడాదికి వందల సూర్యుళ్లు పుడుతున్నాయి. చిన్న గెలాక్సీల్లోనైతే ఇది ఇంకా మామూలు. సూపర్నోవాలు పేలి గ్యాస్‌ను బయటకు నెడతాయి, పుట్టుక ఆగుతుంది, ఆ గ్యాస్ వెనక్కి పడ్డాక మళ్లీ మొదలవుతుంది. జేడ్స్ అనే వెబ్ సర్వేలో దొరికి, 2024లో ప్రకటించిన గెలాక్సీ ఒకటి బిగ్ బ్యాంగ్ తర్వాత 70 కోట్ల ఏళ్లప్పటిది. దాని నక్షత్రాల బరువు కొన్ని పదుల కోట్ల సూర్యుళ్లు మాత్రమే, అది ఆగి కోటి, రెండు కోట్ల ఏళ్లకు మించలేదు. తర్వాత మళ్లీ మొదలుపెట్టిందో లేదో దాన్ని చూసి చెప్పలేం, మనకు దొరికింది ఆ ఒక్క క్షణమే. అలాంటి స్థితిలో ఉన్నవి ఎన్ని, జోరు మీద ఉన్నవి ఎన్ని అని లెక్కపెడితేనే ఆగడం, మొదలవడం ఎంత తరచుగా జరుగుతుందో తెలుస్తుంది. ఆ లెక్కల కోసమే ఇప్పుడు ‘ఆగింది’ అని రాసిన ప్రతిచోటా, ఎంతకాలం నుంచి ఆగిందో పక్కనే రాస్తున్నాం.