యురేనియం ‘శుద్ధి’ నుంచి ‘అర్ధాయువు’ దాకా: అపోహలు - వాస్తవాలు

రేడియేషన్ భద్రత నా ఉద్యోగం. ఎక్కడికెళ్ళినా నన్నడిగే ప్రశ్నల్లో సగం ఏదో ఒక పదం దగ్గర తడబడినవే. ఆ తడబాటు ఒకచోట లేనిపోని భయం పెడుతుంది, ఇంకోచోట ఉండకూడని ధీమా ఇస్తుంది.

అపోహ: యురేనియం ‘శుద్ధి’ చేస్తున్నారంటే బాంబుకే.

ఇది మన వార్తల అనువాదం తెచ్చిన చిక్కు. ఇరాన్ వార్తల్లో ‘శుద్ధి’ అని రాసేది ఎన్‌రిచ్‌మెంట్‌ని. సహజ యురేనియంలో 0.7 శాతమే ఉండే, తేలిగ్గా చీలి శక్తినిచ్చే యురేనియం-235 రకం వాటాను పెంచడమన్నమాట. విద్యుత్ రియాక్టర్లకు సాధారణంగా 3-5 శాతం చాలు, బాంబుకు 90 శాతం దాకా తీసుకెళ్తారు. మలినాలు తీసే అసలైన శుద్ధి హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో జరుగుతుంది. మన భారజల రియాక్టర్లకు సహజ యురేనియమే ఇంధనం. ‘సంపన్నం చేయడం’ అని రాయమని విలేకరి మిత్రులకు నా మనవి.

అపోహ: అర్ధాయువు ఎంత ఎక్కువైతే అంత ప్రమాదం.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. అర్ధాయువంటే ఉన్న పరమాణువుల్లో సగం విచ్ఛిన్నం కావడానికి పట్టే కాలం. రెండు అర్ధాయువులు గడిస్తే మిగిలేది సున్నా కాదు, పావు వంతు. పది గడిస్తే సుమారు వెయ్యో వంతు. యురేనియం-238కి అది దాదాపు 447 కోట్ల ఏళ్ళు, అయోడిన్-131కి 8 రోజులు. ఒక గ్రాము యురేనియం-238లో సెకనుకు విచ్ఛిన్నమయ్యేవి సుమారు 12,400 పరమాణువులు. అదే ఒక గ్రాము అయోడిన్‌లో సుమారు 4,600 లక్షల కోట్లు! నిదానంగా కరిగేది నిదానంగానే వెదజల్లుతుంది.

220 మెగావాట్ల రియాక్టర్‌లో వేసే యురేనియం ఇంధన బండిల్ చూడండి. అరమీటరు పొడవు, పక్కపక్కన పేర్చిన 19 సన్నటి గొట్టాలు, వాటి నిండా నల్లటి బిళ్ళలు, బరువు పదహారు కిలోల పైచిలుకు. కొత్తదాన్ని గ్లౌజులు తొడుక్కుని చేతులతో ఎత్తవచ్చు. అదే బండిల్ రియాక్టర్‌లో మండి బయటికొచ్చాక దగ్గర నిలబడితే నిమిషాల్లో ప్రాణాంతకం. అందుకే ఏళ్ళ తరబడి నీళ్ళలో ముంచి ఉంచుతారు. తేడా తెచ్చింది లోపల కొత్తగా పుట్టిన తక్కువ అర్ధాయువు పదార్థాలు.

అపోహ: రేడియేషన్ తగిలిన మనిషిని ముట్టుకుంటే మనకూ అంటుకుంటుంది.

ఎండలో నిలబడి వచ్చిన మనిషి వెంట ఎండ ఇంట్లోకి రాదు. ఎక్స్‌రే, గామా కిరణాలు తగలడం అలాంటిది. కారం దంచిన చెయ్యి మాత్రం దేన్ని ముట్టుకుంటే దానికి అంటిస్తుంది. ఒంటిమీద రేడియోధార్మిక ధూళి పడటం ఇలాంటిది, దాన్ని కంటామినేషన్ అంటాం. బట్టలు విప్పి, కడిగితే చాలావరకు పోతుంది. 

అపోహ: కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని టెయిలింగ్స్ రియాక్టర్ వ్యర్థం కాదు కాబట్టి పట్టించుకోనక్కర్లేదు.

మొదటి మాట నిజం. టెయిలింగ్స్ అంటే ఖనిజం నుంచి యురేనియం తీశాక మిగిలే బురద. కానీ అందులో రేడియం-226 ఉండిపోతుంది, దాని అర్ధాయువు 1,600 ఏళ్ళు. కాస్త యురేనియం, లవణాలూ మిగులుతాయి. ఆ బురదను నిల్వచేసే చెరువు అడుగు పొర గట్టిగా లేకపోతే అవి భూగర్భజలంలోకి దిగుతాయి. నీళ్ళలో యురేనియం ముందు దెబ్బతీసేది కిడ్నీలను, అదీ రసాయనంగా. కాబట్టి బోరు నీళ్ళ రిపోర్టులో బెక్వెరెళ్ళతో (సెకనుకు ఎన్ని పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయో చెప్పే కొలత) పాటు యురేనియం లీటరుకు ఎన్ని మైక్రోగ్రాములో అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు 30.