ఆక్సిమీటరు 98 చూపినా ఆయాసమెందుకు?

రెండంతస్తుల మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ వస్తున్నాయనీ, ఈసీజీలోనూ ఎక్స్‌రేలోనూ తేడా ఏమీ లేదనీ, వేలికి తొడిగిన ఆక్సిమీటరు కూడా 98 చూపిస్తోందనీ రాస్తూ, ఇంతకీ జబ్బెక్కడుందని ఒక పాఠకురాలు అడిగారు. ఇంట్లోవారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారట.

గుండె కవాటాల లోపాలు, ఉబ్బసం, థైరాయిడ్ అతిగా పనిచేయడం, తీవ్రమైన ఆందోళన వంటి కారణాలు చాలానే ఉన్నాయి. ఆయాసం ఉన్నట్టుండి మొదలై, దానితో పాటు ఛాతీనొప్పి గానీ, సొమ్మసిల్లడం గానీ, ఒక కాలు వాయడం గానీ కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కానీ ఈ ప్రశ్న చదవగానే నాకు ముందుగా తట్టింది రక్తహీనత, అంటే రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ తగ్గిపోవడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి ఇది ఉంది.

ఆక్సిజన్‌ను ధాన్యమనుకుంటే హిమోగ్లోబిన్ దానిని మోసే లారీ. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 15 గ్రాములుంటే 20 మిల్లీలీటర్లు. విశ్రాంతిలో గుండె నిమిషానికి 5 లీటర్ల రక్తాన్ని తోస్తుంది కనుక నిమిషానికి అందే ఆక్సిజన్ మొత్తం 1000 మిల్లీలీటర్లు. అందులో శరీరం వాడుకునేది 250 మాత్రమే, అంటే లారీలు ముప్పావు సరుకుతోనే తిరిగి వస్తాయి. హిమోగ్లోబిన్ 7కి పడిపోతే ఆ 1000 కాస్తా 470 అవుతుంది. కూర్చున్న మనిషికి అదీ సరిపోతుంది, అందుకే ఏళ్ల తరబడి జబ్బు బయటపడదు. మెట్లెక్కేటప్పుడు అవసరం నాలుగు రెట్లయిందనుకుందాం: లారీలలోని ప్రతి గింజనూ దించేసినా 470 దాటదు. అప్పటికప్పుడు కొత్త లారీలు రావు కాబట్టి ఉన్నవాటినే మరిన్నిసార్లు తిప్పాలి. ఆ తిప్పటమే దడ. ఎర్రకణాలలో పెరిగే 2,3-డీపీజీ అనే పదార్థం హిమోగ్లోబిన్ పట్టు సడలించి, కణజాలాల దగ్గర మరికొంత సరుకు దించుతుంది గానీ, ఆ సర్దుబాటుకు రోజులు పడుతుంది.

మరి ఆక్సిమీటరు? అది టోల్‌గేటు దగ్గర కూర్చుని, వచ్చిన లారీ నిండుగా ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. ఎన్ని లారీలు వచ్చాయో లెక్కపెట్టదు. ఆక్సిజన్ తగ్గితే శ్వాసను పెంచమని మెదడుకు కబురు పంపే, మెడలోని కెరోటిడ్ బాడీలు కూడా ప్రధానంగా రక్తంలో కరిగిన ఆక్సిజన్ పీడనాన్నే గమనిస్తాయి కనుక అవీ పెద్దగా కలవరపడవు. ఆక్సిజన్ చాలని కండరాలలో త్వరగా పేరుకునే ఆమ్లం శ్వాసను ఉరకలెత్తిస్తుంది.

ఎర్రగా ఉంది కదా అని బీట్‌రూట్ రసం తాగమనే సలహాకు ఆధారం లేదు: ఆ రంగు బెటలైన్లనే వర్ణకాలది, హిమోగ్లోబిన్ తయారీకి కావలసిన ఇనుముది కాదు. భోజనం కాగానే తాగే టీ మాత్రం ఇనుము ఒంటపట్టకుండా నిజంగానే అడ్డుపడుతుంది.

ఆమె ముందుగా చేయించుకోవలసినది హిమోగ్లోబిన్ పరీక్ష. గర్భిణులు కాని స్త్రీలలో అది 12 కన్నా తగ్గితే రక్తహీనతే. ఇనుము మాత్రలు మొదలుపెట్టడంతో పాటు రక్తం ఎటు పోతోందో కూడా వెతకాలి: నెలసరిలో అధికస్రావమా, కొంకి పురుగులా, పేగులో ఎక్కడైనా పుండా? ముట్లుడిగిన స్త్రీలలోనూ పురుషులలోనూ ఆ చివరి అనుమానాన్ని తీర్చుకోకుండా మాత్రలతో సరిపెట్టకూడదు.