కౌనస్ వీసాలు: ఒక సగం వాక్యం కథ

1940 జులైలో ఒకరోజు పొద్దున్నే లిథువేనియాలోని కౌనస్‌లో జపాన్ కాన్సులేట్ గేటు ముందు జనం గుమిగూడారు. ఎక్కువ మంది పోలండ్ నుంచి పారిపోయి వచ్చిన యూదులు. పడమట హిట్లర్. జూన్‌లో సోవియట్ సైన్యం లిథువేనియాలోకి కూడా దిగింది. మిగిలిన దారి తూర్పే: సైబీరియా రైల్లో వ్లాదివొస్తోక్, అక్కడి నుంచి ఓడలో జపాన్.

చిక్కంతా కాగితాల దగ్గరే. సోవియట్‌లు బయటికి వదలాలంటే జపాన్ ట్రాన్సిట్ వీసా చూపాలి. జపాన్ అది ఇవ్వాలంటే ఆపైన ఏ దేశం పోతారో చూపాలి, చేతిలో డబ్బుండాలి. వీసా స్టాంపింగ్ టెన్షన్ మన ఇళ్లకూ తెలుసు కానీ, మనకి పోయేది మహా అయితే ఒక సెమిస్టరు.

ఈ ముడి విప్పిన వాడిని జనం తక్కువగా తలుచుకుంటారు. పేరు యాన్ జ్వార్టెండైక్. ఫిలిప్స్ కంపెనీ మేనేజరు, దాంతోపాటు డచ్ కాన్సుల్. కరీబియన్‌లోని డచ్ దీవి కురసావ్‌కు వీసా అక్కర్లేదు, గవర్నర్ అనుమతి మాత్రం కావాలి. ఇదీ రూలు. లాత్వియా రాజధాని రీగాలోని డచ్ రాయబారి డి డెక్కర్ సరేననడంతో, జ్వార్టెండైక్ మొదటి సగమే రాసి ముద్ర కొట్టాడు. రెండో సగం కాగితం మీదికి రానేలేదు.

ఆ ముద్ర చూసి ట్రాన్సిట్ వీసా రాసిచ్చినవాడు జపాన్ వైస్ కాన్సుల్ చియునె సుగిహారా. అనుమతి కోసం టోక్యోకు మూడుసార్లు తంతి కొడితే మూడుసార్లూ వద్దన్నారని ఆయన కుటుంబం చెప్పింది. షరతులు పాటించమని ఆగస్టులో పైనుంచి హెచ్చరిక వచ్చింది. అయినా చేత్తో రాస్తూనే పోయాడు. ఆయన జాబితాలో 2,139 పేర్లున్నాయి. కుటుంబానికి ఒక వీసా చాలేది కాబట్టి గట్టెక్కినవాళ్లు అంతకన్నా ఎక్కువే.

వాళ్లు జపాన్‌లోని త్సురుగా రేవులో దిగి కోబె నగరం చేరారు. కురసావ్ ముఖం చూసినవాళ్లు లేరనే చెప్పాలి. చాలామంది చివరికి షాంఘైలో తేలారు. 1941 జూన్‌లో జర్మన్లు లిథువేనియాలో దిగాక, అక్కడే ఉండిపోయిన యూదుల్లో అత్యధికుల్ని చంపేశారు.

1947లో సుగిహారా ఉద్యోగం పోయింది. సిబ్బంది తగ్గింపు అన్నది విదేశాంగ శాఖ. లిథువేనియా పనికి శిక్ష అన్నది ఇంటివాళ్లు. తర్వాత తనకు తెలిసిన రష్యన్ భాషతో మాస్కోలో వ్యాపార సంస్థ ఉద్యోగం చేసుకున్నాడు. 1968లో టోక్యోలోని ఇజ్రాయెల్ దౌత్య కార్యాలయ అధికారి యెహోషువా నిష్రీ ఆయన్ని వెతికి పట్టుకున్నాడు. ఆ నిష్రీ కూడా కౌనస్‌లో వీసా అందుకున్న కుర్రాడే. జపాన్ విదేశాంగ మంత్రి క్షమాపణ చెప్పింది 2000లో. అప్పటికి సుగిహారా పోయి 14 ఏళ్లు.