మూడో కాలం నుంచి వెనక్కి: వీణ నేర్చుకునే పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

బడి, ట్యూషన్, హోంవర్క్ పోను వీణకు టైమెక్కడిదని మీలో చాలామంది అంటారు. బయటికి అనని ఫిర్యాదు ఇంకొకటుంది, అది మొహంలో కనిపిస్తుంది: మొదట్లో నేర్పే ఈ సరళీ వరుసలు, అంటే స్వరాల అభ్యాసాలు, ఇంకెన్నాళ్ళని. రెండింటికీ కలిపే జవాబు రాస్తున్నాను.

ముందు లెక్క చూడండి. మొదటి వరుసలో ఆరోహణ 8, అవరోహణ 8, మొత్తం 16 స్వరాలు. ఆది తాళానికి 8 అక్షరాలు, అంటే 8 దెబ్బలు. మొదటి కాలంలో, అంటే అన్నిటికన్నా నిదానమైన వేగంలో, దెబ్బకు ఒక స్వరం కాబట్టి రెండు ఆవర్తాలు (తాళం రెండు చుట్లు). నిమిషానికి 60 దెబ్బల నడకలో అది 16 సెకన్లు. అంతే సమయంలో రెండింతల వేగంతో రెండో కాలం రెండుసార్లు, నాలుగింతల వేగంతో మూడో కాలం నాలుగుసార్లు వస్తుంది. మూడు కాలాలూ కలిపి 48 సెకన్లు! ‘సరిసరి సరిగమ’ అని మొదలయ్యే రెండో వరుసలో 32 స్వరాలు, దానికి 96 సెకన్లు. అంటే పది నిమిషాల్లో ఐదారు వరుసలు మూడు కాలాల్లోనూ అయిపోతాయి. గంట కూర్చున్నా పని కాలేదంటే, ఆ గంటలో ఎక్కువ భాగం తడబడి మళ్ళీ మొదటికి రావడానికే పోయిందన్నమాట.

తడబాటు ఎక్కడ పుడుతుందో చెబుతాను. మొదటి కాలం విసుగ్గా ఉందని దాన్నే చకచకా మొదలుపెడతారు. అదే నడకలో మూడో కాలానికి వచ్చేసరికి వేళ్ళు అందుకోలేవు. 60 దెబ్బల నడకంటే మూడో కాలంలో సెకనుకు నాలుగు స్వరాలు. అందుకని నడకను మూడో కాలాన్ని బట్టి ఎంచుకోండి. మూడో కాలం ఏ నడకలో తడబడకుండా వస్తుందో ముందు చూసుకోండి, 40 అయినా సరే, అక్కడి నుంచి వెనక్కి వచ్చి మొదటి కాలం మొదలుపెట్టండి. 40లో మొదటి వరుస మూడు కాలాలకూ 72 సెకన్లే. వరసగా మూడుసార్లు తప్పు లేకుండా వస్తే, దెబ్బలు లెక్కగా కొట్టే మెట్రోనోమ్‌ను నాలుగు దెబ్బలు పెంచండి. రాకపోతే ఆ రోజుకు పెంచకండి.

ఇప్పుడు మెట్ల (తీగల కింద అడ్డంగా ఉండే కమ్మీల) సంగతి. ఈ వరుసలు నేర్పే మాయామాళవగౌళ రాగంలో, సారణి అనే ప్రధాన తీగ మీద, నొక్కకుండా మీటితే స. రి 1వ మెట్టు, గ 4, మ 5, ప 7, ద 8, ని 11, పై స 12. స-రి, గ-మ, ప-ద, ని-స పక్కపక్కనే ఉన్నాయి. రి నుంచి గకు, ద నుంచి నికి మాత్రం మూడేసి మెట్ల దూరం. పైగా రెండు దూరాలూ సమానం కావు. బిరడాల (తీగలు బిగించే మరల) వైపు మెట్లు ఎడంగా, కిందికి పోయేకొద్దీ దగ్గరగా ఉంటాయి కాబట్టి రి-గ దూకుడే పెద్దది. మూడో కాలంలో గ ఆలస్యంగా పడి, దాన్ని సర్దుకోవడానికి మ తొందరపడుతుంది. వినేవాళ్ళకు తాళం తప్పినట్టు ఉంటుంది, నిజానికి తప్పింది చెయ్యి. దీనికి వరుస మొత్తం పదిసార్లు వాయించడం దండగ. ‘రిగరిగ’ అని ఆ రెండు స్వరాలే ఒక నిమిషం, ‘గరిగరి’ ఇంకో నిమిషం, తాళంలో వాయించండి. వెనక్కి వచ్చేటప్పుడు రి మెట్టు చేరకముందే వేలు ఆగిపోతోందా అన్నది గమనించండి. వేలు మెట్టు అంచుకు ఆనుకుని, బిరడాల వైపు పడాలి. దూరంగా నొక్కితే గరగర వస్తుంది. మరీ గట్టిగా నొక్కితే తీగ సాగి స్వరం పైకి పోతుంది.

ఎడమ చేతి రెండు వేళ్ళను కలిపి జరపాలా, విడివిడిగా వాడాలా అన్నది బాణీని బట్టి ఉంటుంది, మీ గురువుగారు చెప్పిందే చెయ్యండి. వేళ్ళు తీగ మీద జారడానికి కొబ్బరినూనెలో ముంచిన దూది చాలు, కారేలా రాయకండి. కుడి చేతి మీటు ఎవరూ పట్టించుకోరు. చూపుడు వేలు, మధ్య వేలు మార్చి మార్చి మీటేటప్పుడు ఒకటి బలంగా, రెండోది నీరసంగా పలుకుతుంది. ప్రతి స్వరం రెండేసిసార్లు వచ్చే జంట వరుసల్లో ‘సస రిరి’ అన్నప్పుడు రెండో స్వరం మీదే ఊనిక ఉండాలి, సరిగ్గా అక్కడే నీరసం బయటపడుతుంది. ఫోన్లో ఒక నిమిషం రికార్డు చేసుకుని కళ్ళు మూసుకుని వినండి, ఏ వేలిదో తెలిసిపోతుంది. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలని వేరే చెప్పాలా?

టైము విషయానికొస్తే, మీరనుకునే అడ్డంకి వేరు, అసలు అడ్డంకి వేరు. పెట్టెలోంచి వీణ తీసి, ఏడు తీగలు శ్రుతి చేసేసరికే ఉత్సాహం చల్లారిపోతుంది. అందుకని వీణను ఎవరి కాళ్ళకూ తగలని మూల చాప మీద, పైన గుడ్డ కప్పి ఉంచండి. కిటికీ ఎండకు, ఏసీ గాలికి ఎదురుగా వద్దు. రోజూ సరిచేసే తీగ పెద్దగా తప్పదు, నాలుగు నిమిషాల్లో శ్రుతి అవుతుంది. తర్వాత పది నిమిషాలు వరుసలు, మూడు నిమిషాలు ఇబ్బంది పెట్టిన ఆ ఒక్క దూకుడు, మిగిలిన మూడు కొత్త పాఠం. బడి ఉన్న రోజుకు ఈ ఇరవై చాలు. వీణ నాదం మెత్తన. తెల్లారి ఆరింటికి తలుపు వేసుకుని వాయిస్తే అపార్ట్‌మెంట్‌లో పక్కింటివాళ్ళ నిద్ర చెడదు. సాయంత్రం ట్యూషన్ తర్వాత అనుకుంటే నెలలో సగం రోజులు ఎగిరిపోతాయి.

పరీక్షలప్పుడు కూడా పూర్తిగా మానకండి. రెండు వారాలు వదిలేస్తే వేళ్ళ కొసల గట్టిదనం తగ్గి మళ్ళీ నొప్పి మొదలవుతుంది. రోజుకు ఏడెనిమిది నిమిషాలు, రెండే రెండు వరుసలు వాయించండి. వ్యాన్‌లో కూర్చుని తొడ మీద తాళం వేస్తూ మూడో కాలం నోటితో అనడమూ సాధనే. నోరు తిరగని చోట వేలూ తిరగదు.

ఇక మార్చి దాటాక వచ్చే ఒక చిక్కు. మెట్లు నిలబడేది మైనం మీద. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస మొద్దును తొలిచి చేసిన వీణ అయినా అంతే. ఎండకు మైనం మెత్తబడితే మెట్టు జరుగుతుంది. శ్రుతి చేశాక కూడా గాంధారం (గ) అపస్వరంగా ఉంటే వేలినే తిట్టుకోకండి. ముందు సారణి తీగను నొక్కకుండా ఒకసారి, 12వ మెట్టు మీద ఒకసారి మీటి చూడండి, రెండూ ఒకే స్వరం కింద, పైన పలకాలి. తర్వాత అనుమానమున్న మెట్టును మిగతా తీగల మీదా నొక్కి వినండి. అన్ని తీగల మీదా అదే మెట్టు తేడాగా పలికితే మెట్టు జరిగింది. ఒక్క తీగ మీదే తేడా ఉంటే తీగ పాతబడింది, మార్చితే సరిపోతుంది. మెట్టు జరిగితే మాత్రం గురువుగారికి చూపించి, మేళం కట్టేవారి (మైనం మీద మెట్లు అమర్చేవారి) చేతే సరిచేయించండి. మైనాన్ని మీరే వేడి చేసి సర్దబోతే పక్క మెట్లు కూడా కదులుతాయి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ