చలికాలంలో ఫాస్ట్ చార్జింగ్: బ్యాటరీ వేడిచేయడంపై అపోహలు - వాస్తవాలు

డెట్రాయిట్ దగ్గర ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీ ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే విభాగంలో పనిచేస్తున్నాను. జనవరి వచ్చిందంటే ఇక్కడి మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "చార్జర్‌కి వెళ్లేముందు కారు బ్యాటరీని వేడిచేసుకుంటూ రేంజ్ (ఒక చార్జ్‌తో వెళ్లగల దూరం) తినేస్తోంది, ఆపేయనా?" 2024 జనవరి చలిలో షికాగో చార్జర్ల దగ్గర కార్లు బారులు తీరిన వార్తలు చూశాక ఈ టెన్షన్ ఇంకా పెరిగింది.

అపోహ: వేడిచేయడం కరెంటు దండగ.

వాస్తవం: ఖర్చు నిజమే, లెక్క వేద్దాం. 450 కిలోల బ్యాటరీని మైనస్ 10 నుంచి 20 డిగ్రీలకు తేవడానికి సుమారు 4 యూనిట్లు కావాలి. బయటికి పోయే వేడి కూడా కలిపితే 5 అనుకోండి. చలిలో అది దాదాపు 20 కిలోమీటర్ల ప్రయాణానికి సరిపోయే కరెంటు.

మరి వేడిచేయకపోతే? చార్జ్ అయ్యేటప్పుడు లిథియం అయాన్లు బ్యాటరీలోని గ్రాఫైట్ పొరల్లోకి దూరాలి; అది చల్లబడితే నెమ్మదిగా దూరతాయి. బలవంతంగా తోస్తే లోపలికి వెళ్లకుండా పైనే లోహపు పొరలా పేరుకుంటాయి. దానివల్ల బ్యాటరీ పాడవుతుంది, అందుకే కారు కరెంటును తగ్గించేస్తుంది. 150 కిలోవాట్లు తీసుకోగల కారు 30, 40 దగ్గరే ఆగిపోవచ్చు. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీలకు ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. పైగా చార్జర్ దగ్గర నిలబడ్డాక కారు ఎలాగూ హీటర్ వేసుకుంటుంది, ఆ కరెంటుకీ మీరే బిల్లు కడతారు. నిమిషాల లెక్కన డబ్బు తీసుకునే చోటైతే రెండు విధాలా నష్టం. బ్యాటరీ సగానికి పైగా నింపుకోవాలనుకుంటే దారిలో వేడిచేయడమే లాభం.

కానీ అన్నిసార్లూ కాదు. చార్జర్ ఇంటికి ఐదు నిమిషాల దూరంలోనే ఉంటే 6 కిలోవాట్ల హీటర్ ఆ కాసేపట్లో చేయగలిగింది చాలా తక్కువ. పది నిమిషాలు చార్జ్ చేసుకుని వెళ్లిపోయేవాళ్లకూ పెద్దగా కలిసిరాదు. ఇక 10 శాతం చార్జ్‌తో, అసలు చేరతామో లేదో అన్న అనుమానంతో వెళ్తుంటే, నేనైతే ఆపేస్తాను. అప్పుడు వేడి కోసం చూస్తే అసలుకే మోసం. చార్జ్ బాగా తగ్గితే చాలా కార్లు తామే ఆపేస్తాయి కూడా.

అపోహ: చల్లటి బ్యాటరీకి ఒక్కసారి ఫాస్ట్ చార్జింగ్ పెట్టినా పాడైపోతుంది.

వాస్తవం: చల్లటి బ్యాటరీలోకి ఎక్కువ కరెంటు పోకుండా కాపాడేదే కారులోని బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. పోయేది మీ సమయం.

అపోహ: హైవే మీద గంట నడిపితే అదే వేడెక్కుతుంది.

వాస్తవం: మామూలు వేగంలో బ్యాటరీ లోపల పుట్టే వేడి ఒక కిలోవాట్‌కు కూడా చేరదు. మైనస్ 15లో కింద నుంచి గాలి కొడుతుంటే అది ఏ మూలకు? దానికన్నా ఇంట్లో చార్జింగ్ సరిగ్గా బయల్దేరే వేళకు ముగిసేలా టైమర్ పెట్టుకోండి. ఇంటి కరెంటు రేటుకే కాస్త వెచ్చటి బ్యాటరీతో బయటపడతారు.

అపోహ: ఫోన్ మ్యాప్‌లో చార్జర్ పెట్టుకుంటే చాలు.

వాస్తవం: చాలా కార్లలో సొంత నావిగేషన్‌లో చార్జర్‌ను గమ్యంగా పెడితేనే బ్యాటరీని వేడిచేయడం మొదలవుతుంది. కొన్నింటిలో విడిగా బటన్ ఉంటుంది. యాప్‌లో క్యాబిన్ వెచ్చబెట్టడం వేరు, బ్యాటరీని వేడిచేయడం వేరు. ఒక మిత్రుడు రెండు చలికాలాలు ఫోన్ మ్యాప్ చూస్తూ నడిపి, ప్రతిసారీ చార్జర్ దగ్గర గంటకు పైగా కూర్చున్నాడు. కారులో ఆ సదుపాయం ఉందని అతనికి ఎవరూ చెప్పలేదు.