లెక్కలోకి రాని దెబ్బలు: డెమారియస్ థామస్ జీవితం వెనకున్న చరిత్ర

2021 డిసెంబరు 9న అమెరికాలోని జార్జియా రాష్ట్రం రోజ్‌వెల్‌లో, తన ఇంట్లోనే డెమారియస్ థామస్ చనిపోయాడు. అట్లాంటాకి ఉత్తరాన, తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఆల్ఫరెటా పక్కనే ఉంటుంది ఆ ఊరు. ఇంకో పదహారు రోజులు బతికి ఉంటే అతనికి 34 నిండేవి. అమెరికన్ ఫుట్‌బాల్ నుంచి రిటైరై ఆరు నెలలు కూడా కాలేదు.

మూర్ఛ వల్ల వచ్చిన సమస్యలతో చనిపోయాడని వైద్యాధికారులు తేల్చారు. 2022 జులైలో బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు మరో సంగతి బయటపెట్టారు. కుటుంబం దానం చేసిన అతని మెదడులో సీటీఈ అనే జబ్బు రెండో దశలో ఉంది. తలకు ఏళ్ల తరబడి పదే పదే దెబ్బలు తగిలితే టావ్ అనే ప్రోటీన్ గడ్డకట్టి, మెదడు కణాలను మెల్లగా తినేసే జబ్బు ఇది. మనిషి బతికుండగా దీన్ని కచ్చితంగా నిర్ధారించే పరీక్ష లేదు. సీటీఈ వల్లే చనిపోయాడని పరిశోధకులు అనలేదు, మూర్ఛ వేరు, ఇది వేరు. కానీ చివరి రోజుల్లో అతను మతిమరుపుతో, అనుమానాలతో, ఎవరికీ కనబడకుండా గడిపాడని ఇంట్లోవాళ్లు చెప్పినప్పుడు, దాని మూలం ఎక్కడుందో అర్థమైంది.

థామస్ ఆడింది రిసీవర్ స్థానంలో. ఈ ఆటలో బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని పరుగెత్తుతూ పట్టుకోవడం రిసీవర్ పని. బంతి గాల్లో ఉన్నంతసేపూ అతని కళ్లు దాని మీదే ఉండాలి. చేతులు పైకి లేచి ఉంటాయి, పక్కటెముకలకీ తలకీ ఏ అడ్డూ ఉండదు. సరిగ్గా అప్పుడే ఎదుటి జట్టు డిఫెండర్ పూర్తి వేగంతో వచ్చి గుద్దుతాడు.

ఈ ప్రమాదం ఎవరికీ తెలియనిది కాదు. 1978 ఆగస్టు 12న ఓక్‌లాండ్‌లో జరిగిన ప్రీసీజన్ మ్యాచ్‌లో, అంటే పాయింట్ల పట్టికలో లెక్కకే రాని మ్యాచ్‌లో, న్యూ ఇంగ్లండ్ రిసీవర్ డారిల్ స్టింగ్లీ మైదానం మధ్యలోకి పరుగెత్తి బంతి కోసం ఎగిరాడు. ఓక్‌లాండ్ డిఫెండర్ జాక్ టాటమ్ వచ్చి ఢీకొట్టాడు. స్టింగ్లీ మెడ విరిగింది. అప్పటికి అతని వయసు 26. 2007లో చనిపోయేదాకా చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. టాటమ్‌కి పెనాల్టీ కూడా పడలేదు, ఎందుకంటే అప్పటి నిబంధనల ప్రకారం ఆ దెబ్బ సక్రమమే.

అదే ఏడాది ఈ ఆటను నడిపే ప్రొఫెషనల్ లీగ్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్, నిబంధనలు మార్చింది. మార్చింది రిసీవర్ తల కాపాడటానికి కాదు, స్కోర్లు పెంచడానికి. ఐదు గజాలు దాటాక రిసీవర్‌ని చేతులతో అడ్డుకోకూడదన్నారు. దాంతో పాస్‌లు పెరిగాయి, రిసీవర్లు స్టార్లయ్యారు. నిస్సహాయ స్థితిలో ఉన్న రిసీవర్ తల మీద కొట్టేవాళ్లకు భారీ జరిమానాలు వేయడం గట్టిగా మొదలైంది మాత్రం 2010లో. థామస్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అడుగుపెట్టిన ఏడాది కూడా అదే.

అప్పటికే అతను చాలా చూశాడు. జార్జియాలోని మాంట్‌రోజ్ అనే పల్లెలో పుట్టాడు. 1999 మార్చిలో, అతనికి 11 ఏళ్లప్పుడు, పొద్దున్నే పోలీసులు ఇంటి మీద దాడి చేశారు. క్రాక్ కేసు, అంటే గడ్డగా మార్చి పొగ పీల్చే కొకైన్. పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించి వస్తానని తల్లి అడిగితే సరేనన్నారు. ఆమె వాళ్లను నడిపించుకెళ్లి బస్సు ఎక్కించింది. తర్వాత, సొంత తల్లి మీద సాక్ష్యం చెబితే శిక్ష తగ్గిస్తామన్నా ఆమె ఒప్పుకోలేదు. ఆమెకు 20 ఏళ్ల జైలు, థామస్ అమ్మమ్మకు యావజ్జీవం పడ్డాయి. 1986 నాటి చట్టం అలాంటిది: 500 గ్రాముల పొడి కొకైన్‌కి ఎంత కనీస శిక్షో, 5 గ్రాముల క్రాక్‌కి కూడా అంతే. దాని దెబ్బ ఎక్కువగా తగిలింది నల్లజాతి కుటుంబాలకే. థామస్‌ని పాస్టర్‌గా పనిచేసే ఒక బంధువు, ఆయన భార్య పెంచారు.

జార్జియా టెక్ యూనివర్సిటీలో అతను ఆడిన పద్ధతి గురించి చెప్పుకోవాలి. కోచ్ పాల్ జాన్సన్ జట్టు దాదాపు ప్రతిసారీ బంతితో పరుగే తీసేది. అలాంటి జట్టులో రిసీవర్ బంతి పట్టేది అరుదు. మిగతా సమయమంతా డిఫెండర్లను ఢీకొట్టి దారి ఇవ్వడమే పని. 2009 సీజన్‌ మొత్తంలో థామస్ పట్టినవి 46 పాస్‌లే, కానీ వాటితో 1,154 గజాలు సాధించాడు. ఆ అంకెలు చూసే, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే 2010 డ్రాఫ్ట్‌లో డెన్వర్ బ్రాంకోస్ జట్టు 22వ ఎంపికగా తీసుకుంది. ఆ ఢీకొట్టడాలను మాత్రం ఏ గణాంకాల పట్టికా రాసిపెట్టుకోదు.

2012 జనవరి 8న పిట్స్‌బర్గ్‌తో ప్లేఆఫ్ (నాకౌట్) మ్యాచ్. స్కోర్లు సమమై ఓవర్‌టైమ్‌కి వెళ్లింది. డెన్వర్ వాళ్లు బంతితో పరుగే తీస్తారని పిట్స్‌బర్గ్ డిఫెండర్లు ముందుకు మోహరించారు. మొదటి బంతికే డెన్వర్ క్వార్టర్‌బ్యాక్ టిమ్ టీబో మైదానం మధ్యలోకి విసిరాడు. థామస్ పరుగు ఆపకుండా అందుకుని, వెంటపడ్డ ఐక్ టేలర్‌ని చేత్తో నెట్టేసి, ఎదుటి జట్టు చివరి గీత దాటి 80 గజాల టచ్‌డౌన్ చేశాడు. ఓవర్‌టైమ్ 11 సెకన్లలో ముగిసింది. ఆ మ్యాచ్‌ని అతని తల్లి, అమ్మమ్మ ఫ్లోరిడాలోని టలహాసీ జైల్లో టీవీలో చూశారు.

తర్వాత పేటన్ మానింగ్ క్వార్టర్‌బ్యాక్‌గా వచ్చాడు. 2012 నుంచి వరసగా ఐదు సీజన్లు థామస్ వెయ్యి గజాలు దాటాడు. 2014లో 1,619 గజాలు. 2015 జులైలో అధ్యక్షుడు ఒబామా అతని తల్లి శిక్ష తగ్గించారు. 2016 జనవరిలో ఆమె కొడుకు ఆటను మొదటిసారి స్టేడియంలో కూర్చుని చూసింది. ఆ ఫిబ్రవరిలోనే డెన్వర్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది. జట్టు వైట్‌హౌస్‌కి వెళ్లినప్పుడు థామస్ ఒబామాకి ఒక ఉత్తరం ఇచ్చాడు. రెండు నెలలకు అమ్మమ్మ శిక్ష కూడా తగ్గింది. ఇంత దూరం వచ్చిన మనిషికి ఆ తర్వాతైనా ప్రశాంతమైన జీవితం దక్కాల్సింది.

అతను ఆడిన కాలంలో లీగ్‌కి ఏమీ తెలియదని అనుకోవడానికి వీల్లేదు. 1994లోనే కంకషన్ల మీద, అంటే తల అదిరి మెదడుకు తగిలే గాయాల మీద, ఎన్‌ఎఫ్‌ఎల్ కమిటీ వేసింది. దాని అధ్యక్షుడు కీళ్లవాతం డాక్టరు! 2002లో చనిపోయిన పిట్స్‌బర్గ్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ మెదడులో సీటీఈని గుర్తించి, నైజీరియాలో పుట్టిన డాక్టర్ బెనెట్ ఒమాలు 2005లో పరిశోధనాపత్రం ప్రచురిస్తే, దాన్ని వెనక్కి తీసుకోవాలని ఆ కమిటీ సభ్యులు పట్టుబట్టారు. ఫుట్‌బాల్‌కీ సీటీఈకీ సంబంధం ఉందని లీగ్ అధికారి ఒకరు అమెరికా పార్లమెంటు ముందు ఒప్పుకున్నది 2016 మార్చిలో. అంటే థామస్ సూపర్ బౌల్ గెలిచిన మరుసటి నెల.

ఈలోగా రిసీవర్ల పేర్లు వరసగా వచ్చాయి. 2009లో 26 ఏళ్లకే ట్రక్కు మీంచి పడి చనిపోయిన సిన్సినాటి ఆటగాడు క్రిస్ హెన్రీ. థామస్ కన్నా పది నెలల ముందు ఫ్లోరిడాలో ఒక హోటల్ గదిలో చనిపోయిన విన్సెంట్ జాక్సన్. ఇద్దరి మెదడులోనూ సీటీఈ దొరికింది. ఇద్దరికీ కంకషన్ అయినట్టు ఎక్కడా నమోదు కాలేదు. అసలు విషయం ఇక్కడే ఉంది. కళ్లు తిరిగి పడిపోయేంత దెబ్బ తగలకపోయినా, తల అదిరే చిన్న దెబ్బలు వేలకొద్దీ పోగైతే చాలని పరిశోధకులు చెబుతున్నారు. థామస్ కెరీర్‌లో 724 పాస్‌లు పట్టాడు. వాటిలో 63 టచ్‌డౌన్లు. మిగతావి ఎక్కువగా ముగిసింది ఎవరో ఒకరు అతన్ని నేలకు పడేయడంతోనే.

2023 నాటికి బోస్టన్‌ పరిశోధకులు చూసిన 376 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లలో 345 మందికి సీటీఈ ఉంది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా దానం చేస్తాయి కాబట్టి ఆటగాళ్లందరిలో ఇదే నిష్పత్తి ఉంటుందని అనలేం. అయినా పట్టించుకోకుండా వదిలేసే అంకె కాదిది.

మెదడు గాయాల విషయంలో మాజీ ఆటగాళ్లు వేల మంది కలిసి వేసిన దావాలో లీగ్ రాజీకి వచ్చింది. పరిహారం లెక్కగట్టేటప్పుడు నల్లజాతి ఆటగాళ్ల మేధాశక్తి మొదటి నుంచే తక్కువ ఉంటుందని ఊహించే సూత్రం వాడారు. ఆ సిగ్గుమాలిన పద్ధతిని ఆపుతామని ఒప్పుకున్నది 2021లో. సీటీఈతో చనిపోయినవారి కుటుంబాలకు 40 లక్షల డాలర్ల దాకా ఇచ్చే పద్దు కూడా ఆ రాజీలో ఉంది. కానీ అది 2015 ఏప్రిల్ 22కి ముందు చనిపోయినవారికే. థామస్ ఆ తేదీ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇంకో ఐదు సీజన్లు ఆడాడు.