సోలెడాడ్ రాంచ్‌లో ఒంటరితనం ఎలా పుట్టింది?

జాన్ స్టెయిన్‌బెక్ నవల 'ఆఫ్ మైస్ అండ్ మెన్' 1937లో వచ్చింది. కథ నడిచేది కాలిఫోర్నియాలోని సోలెడాడ్ అనే ఊరి దగ్గర ఒక రాంచ్‌లో, అంటే పెద్ద వ్యవసాయ క్షేత్రంలో. అందులో విట్ అనే కుర్ర కూలీ పాత పత్రిక ఒకటి దాచుకుంటాడు. మూడు నెలల కిందట అక్కడ పనిచేసి వెళ్ళిపోయిన బిల్ టెనర్ రాసిన ఉత్తరం అందులో అచ్చయింది. తోటివాళ్ళకు చూపిస్తాడు గానీ పత్రికను చేతిలోంచి వదలడు. ఆ తర్వాత తన అరలో భద్రంగా పెట్టేస్తాడు. కలిసి పనిచేసిన మనిషి తాలూకు ఆనవాలు అదొక్కటే మిగిలింది మరి.

ఈ నవల చదివి, మనిషి పుట్టుకే ఒంటరి అని నిట్టూర్చేవాళ్ళు చాలామంది. నాకు ఆ మాట మింగుడుపడదు. ఆ ఒంటరితనాన్ని పెంచి పోషించిన సాగు పద్ధతి ఉంది, చట్టాలున్నాయి.

కాలిఫోర్నియాలో సాగు ముందునుంచీ పెద్ద కమతాల చేతిలోనే ఉంది. 1870, 80ల్లో వేల ఎకరాల్లో గోధుమ వేశారు. కోతలప్పుడు వందలమంది కావాలి, కోతలైపోతే ఎవరూ అక్కర్లేదు. ఆలుబిడ్డలతో వచ్చే కూలీకి ఇల్లు చూపించాలి, ఏడాది పొడవునా పని చూపించాలి. అందుకే దుప్పటి మూట భుజాన వేసుకుని వచ్చి, పనైపోగానే దారిన పోయే ఒంటరి మగవాడే యజమానికి లాభం. నవలలో ముఖ్య పాత్రలైన కూలీలు జార్జ్, లెనీ శాన్ ఫ్రాన్సిస్కో ఏజెన్సీ ఇచ్చిన పని చీటీలతో రాంచ్‌కు వస్తే, ఇద్దరు కలిసి తిరగడమే యజమానికి వింతగా ఉంటుంది. వీడి జీతం నువ్వు కాజేస్తున్నావా అని జార్జ్‌ను నిలదీస్తాడు.

చట్టమూ తన వంతు చేసింది. 1875 నాటి పేజ్ చట్టంతో చైనా స్త్రీల రాక దాదాపు ఆగిపోయింది. 1882లో చైనా కూలీలకే తలుపులు మూశారు. తర్వాత సోలెడాడ్ ఉన్న సాలినాస్ లోయ లెట్యూస్ తోటల్లో చెమటోడ్చిన ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళలో అత్యధికులు పెళ్ళికానివాళ్ళే. తెల్లజాతి స్త్రీలను వాళ్ళు పెళ్ళాడకుండా 1933లో రాష్ట్రం నిషేధించింది. నవలలో వీళ్ళెవరూ కనిపించకపోవడం నాకు పెద్ద లోటుగానే అనిపిస్తుంది.

కనిపించేది క్రుక్స్. గుర్రం తన్ని నడుం వంగిపోయిన నల్లజాతి మనిషి. కూలీలందరి మంచాలూ బంక్‌హౌస్‌లో ఉంటే, అతని పడక జీనులు, కళ్ళేలు వేలాడే గదిలో. పేకాటకు రానివ్వరు. 1930లో కాలిఫోర్నియా జనాభాలో నల్లజాతివాళ్ళు వందకు ఇద్దరు కూడా లేరు. సోలెడాడ్‌లో తనవాళ్ళది ఒక్క కుటుంబమే ఉందంటాడు క్రుక్స్. ఆ గదిలో 1905 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్ ఉంటుంది, బాగా నలిగిపోయి. హక్కులేమిటో చదివి తెలుసుకున్నవాడు, వాటిని అడగడానికి పక్కన మనిషి లేనివాడు. నవలలో నన్ను అన్నిటికంటే కలచివేసేది ఆ పుస్తకమే.

యజమాని కొడుకు కర్లీ భార్యకు రచయిత పేరు కూడా పెట్టలేదు. మాట్లాడే తోడు కోసం బంక్‌హౌస్ గుమ్మం దగ్గరికొస్తే, ఉద్యోగం పోతుందన్న భయంతో మగవాళ్ళు తప్పుకుంటారు.

ముసలి క్యాండీది మరో రకం భయం. ఆ రాంచ్‌లోనే చెయ్యి పోగొట్టుకున్నాడు, 250 డాలర్లు పరిహారమిచ్చి ఊడ్చే పనిలో పెట్టారు. కంపు కొడుతోందని అతని ముసలి కుక్కను కాల్చేస్తే, గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఇక తన వంతూ వస్తుందని తెలుసు. జార్జ్ కొనాలనుకుంటున్న 600 డాలర్ల చిన్న పొలంలో కాస్త చోటిస్తే చాలని, ఉన్న డబ్బంతా ఇస్తానంటాడు. అది అత్యాశ కాదు. ముసలితనంలో పింఛను ఇవ్వడానికి 1935లో అమెరికా తెచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టం వ్యవసాయ కూలీలను బయటే ఉంచింది. అదే ఏడాది వచ్చిన వాగ్నర్ చట్టమూ యూనియన్ రక్షణ వాళ్ళకు ఇవ్వలేదు. కాలిఫోర్నియా పొలాల్లో కూలీలకు ఆ రక్షణ కల్పిస్తూ రాష్ట్రం చట్టం చేసింది 1975లో, నవల వచ్చిన 38 ఏళ్ళకు.